కొత్త పేవర్ల మీద పసుపు, నారింజ గీతలు గీశారు. కడిగేయవచ్చా?

కొత్తవాకిలి (ఫ్రిస్కో, టెక్సాస్) | శుక్రవారం ఉదయం 7:52

అందరికీ నమస్కారం. టెన్షన్‌లో రాస్తున్నాను, పొడుగైతే ఏమీ అనుకోకండి.

రెండు నెలల కిందట ఒక రీసేల్ ఇల్లు కొన్నాం. కారు వెనక సందులోంచి లోపలికి వస్తుంది. పాత కాంక్రీటు డ్రైవ్‌వే బాగా పగిలిపోయి ఉంటే తీయించేసి, మొత్తం ట్రావర్టీన్ రాయి పేవర్లు (నేల మీద పరిచే పలకలు) పరిపించాం. పని పూర్తయి మూడు వారాలే అయింది. ఈ ఆదివారం కాక ఆపై ఆదివారం గృహప్రవేశం. అమ్మా నాన్నా గుంటూరు నుంచి వచ్చేశారు.

డ్రైవ్‌వేకి అడ్డంగా పక్కకు జరిగే గేటు పెట్టిస్తున్నాం. మంగళవారం పనివాళ్ళు వచ్చి రెండు స్తంభాలకు గుంతలు తవ్వుతారు. గ్యారేజీ నుంచి గేటు మోటారుకి కరెంటు పైపు వేయడానికి కొన్ని పేవర్లు లేపి సన్నగా కాలువ కూడా తీస్తారు. అందుకని ఆ కాంట్రాక్టరే 811కి (తవ్వేముందు భూమిలోని లైన్లు గుర్తు పెట్టించే నంబరు) ఫోన్ చేశాడట. నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూస్తే కొత్త రాళ్ళ మీద పసుపు, నారింజ, ఎరుపు గీతలు. పసుపు గీత అయితే డ్రైవ్‌వేని ఈ చివర నుంచి ఆ చివరికి కోసినట్టు ఉంది, పక్కన 'జి' అక్షరం. మా ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నా ప్రశ్నలు: వాళ్ళు అడగకుండా ఇలా రంగు కొట్టవచ్చా? ఇది పోతుందా, రాయిలోకి ఇంకిపోతుందా? ఫొటోలు తీసి పెట్టుకుని ఈ వారాంతంలో కడిగేయవచ్చా?

వారాంతం_పనులు (ప్లేనో, టెక్సాస్) | శుక్రవారం ఉదయం 8:20

ప్రెషర్ వాషర్ అద్దెకు తీసుకోండి. నీళ్ళలో కొంచెం మ్యూరియాటిక్ యాసిడ్ కలిపి కొడితే పోతుంది. మా కాంక్రీటు మీద తుప్పు మరక నాకు అలాగే పోయింది.

రాయిపని (అట్లాంటా, జార్జియా) | శుక్రవారం ఉదయం 8:31

దయచేసి ఆ పని మాత్రం చేయకండి. ట్రావర్టీన్ సున్నపురాయి జాతి. యాసిడ్ పడితే బుస్సున పొంగి పైపొర తినేస్తుంది. రంగు పోతుంది, దానితోపాటు రాయి నునుపూ పోతుంది. ఆ చోట తెల్లగా, గరుకుగా మచ్చ మిగిలిపోతుంది. మ్యూరియాటిక్ దాకా ఎందుకు, వెనిగర్ చాలు. మా కస్టమర్ ఒకావిడ పచ్చడి మరక పోవడానికి వెనిగర్ పోసి రాత్రంతా వదిలేశారు. మరక పోయింది, మరక ఆకారంలో గుంట మిగిలింది.

ప్రెషర్ వాషర్ సంగతి కూడా చెబుతాను. మీ పేవర్ల మధ్య సందుల్లో పాలిమరిక్ ఇసుక, అంటే నీళ్ళు తగిలితే గట్టిపడే ఇసుక, కూరి ఉంటారు. మూడు వారాల కిందట వేసిన ఇసుకని అంత ఒత్తిడితో కొడితే లేచిపోతుంది. అది పోతే రాళ్ళు కదలడం మొదలవుతుంది.

ఎలా శుభ్రం చేయాలో వివరంగా రాస్తాను. ముందు తవ్వకం సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

పైపుజాడ (ఎడిసన్, న్యూజెర్సీ) | శుక్రవారం మధ్యాహ్నం 12:05

కొత్తవాకిలి గారూ, నేను 11 ఏళ్ళుగా లొకేటర్ పని చేస్తున్నాను. మీ డ్రైవ్‌వే మీద గీతలు గీసినవాళ్ళది ఏ పనో నాదీ అదే. మీ ఆవిడ బాధ నాకు తెలుసు. రోజూ అలాంటి ముఖాలు చూస్తూనే ఉంటాను. కానీ మొదటి మాట: తవ్వకం మొత్తం అయిపోయేవరకు ఆ గీతల్ని ముట్టుకోవద్దు. ఫొటోలు ఉన్నా సరే. గునపం పట్టుకున్న మనిషి మీ ఫోన్ చూస్తూ తవ్వడు. పని అవకముందే గుర్తులు చెరపడం చాలా రాష్ట్రాల్లో చట్టరీత్యా తప్పు కూడా.

మీ మొదటి ప్రశ్నకి జవాబు: గీయవచ్చు. తవ్వేవాళ్ళు నోటీసు ఇచ్చాక కంపెనీలు వచ్చి తమ లైన్లు ఎక్కడున్నాయో చూపించి తీరాలి. మీ రాష్ట్రంలో దానికి 48 గంటల గడువు, శని ఆదివారాలూ సెలవులూ లెక్కలోకి రావు. ఆ నోటీసుని టికెట్ అంటాం, అది 14 పనిదినాలు చెల్లుతుంది.

గీతలు ఎలా పడతాయో తెలిస్తే వాటి విలువ తెలుస్తుందని కొంచెం చెబుతాను. ఇళ్ళకు వచ్చే గ్యాస్ పైపు ఇప్పుడు దాదాపుగా ప్లాస్టిక్. ప్లాస్టిక్ మా పరికరానికి చిక్కదు. అందుకే పైపు పక్కనే ఒక తీగని పడుకోబెట్టి పూడుస్తారు, దాన్ని ట్రేసర్ వైర్ అంటాం. మీటరు దగ్గర పైకి తేలిన ఆ తీగకి ట్రాన్స్‌మిటర్ క్లిప్పు తగిలించి, రెండో క్లిప్పుని భూమిలో గుచ్చిన ఇనుప మేకుకి పెడతాం. తీగలో సిగ్నల్ పారుతుంది. చేతిలో రిసీవర్ పట్టుకుని నడిస్తే ఎక్కడ మోత గట్టిగా వస్తుందో అక్కడ గీత పడుతుంది. అంతే తప్ప భూమిలోపల ఎవరికీ కనిపించదు. పక్కనే వేరే కేబుల్ ఉంటే సిగ్నల్ దానికీ పాకుతుంది. ఫ్రీక్వెన్సీ పెంచినకొద్దీ ఈ పాకడం ఎక్కువ. కాంక్రీటులో ఇనుప వల ఉంటే అదీ సిగ్నల్‌ని లాక్కుని చెల్లాచెదురు చేస్తుంది. రాళ్ళ కింద ఇనుము లేదు కాబట్టి ఈ విషయంలో మీ డ్రైవ్‌వే మాకు మేలే.

"అటు గడ్డిలో ఒక జెండా, ఇటు గడ్డిలో ఒక జెండా పెడితే సరిపోదా, మధ్యలో రాళ్ళు ఎందుకు పాడు చేయడం?" అని అందరూ అడుగుతారు. పైపు తిన్నగా వెళ్తే సరిపోతుంది. కానీ పైపు ఎప్పుడూ తిన్నగా వెళ్ళదు. చెట్టు వేరు అడ్డొస్తే పక్కకి తిప్పుతారు, పాత పైపుకి కొత్తది అతికేటప్పుడు వంపు వస్తుంది. మీ స్తంభం గుంత సరిగ్గా ఆ వంపు దగ్గర పడితే రెండు జెండాల మధ్య ఊహించుకున్న గీత మోసం చేస్తుంది.

ఇంకో మాట. గీత అంటే పైపు కచ్చితంగా దాని కిందే ఉందని అర్థం కాదు. టెక్సాస్‌లో పైపు మందంలో సగం, దాని మీద అటూ ఇటూ కనీసం 18 అంగుళాలు కలిపి జాగ్రత్త మేర అంటారు. మా న్యూజెర్సీలో 24. ఆ మేరలో యంత్రం దించకూడదు, చేత్తో నెమ్మదిగా తవ్వి పైపుని కళ్ళతో చూడాలి. లోతు మేం రాయం. ఎందుకంటే మీరు డ్రైవ్‌వే వేసినప్పుడు మట్టి తీశారు, రేపు ఇంకొకరు పోస్తారు. అమెరికా కేంద్ర నిబంధనల ప్రకారం ఇంటి ఆవరణలో గ్యాస్ సర్వీస్ లైన్ వేసేటప్పుడు 12 అంగుళాల లోతు ఉంటే చాలు. మూరెడు కూడా లేదు, ఆలోచించండి.

కొత్తవాకిలి (ఫ్రిస్కో, టెక్సాస్) | శుక్రవారం మధ్యాహ్నం 1:40

పైపుజాడ గారూ, చాలా థాంక్స్. కానీ ఒక సమస్య వచ్చింది. మీ జవాబు నేను చూసేలోపే అమ్మ పొద్దున్నే వాకిలి కడుగుతూ నారింజ గీతల్ని కొబ్బరి పీచుతో రుద్దేసింది. "కొత్త ఇంటి ముందు ఈ పిచ్చి గీతలేమిటి" అని ఆవిడ బాధ. రెండు గీతలు బాగా పలచబడ్డాయి, ఒకటి అసలు లేదు. పసుపు గీత జోలికి ఇంకా వెళ్ళలేదు. ఇప్పుడేం చేయాలి? నేను అదే రంగు స్ప్రే కొని ఫొటో చూసి మళ్ళీ గీసేయనా?

పైపుజాడ (ఎడిసన్, న్యూజెర్సీ) | శుక్రవారం మధ్యాహ్నం 1:58

వద్దు, మీరు గీయకండి. మీరు నాలుగు అంగుళాలు పక్కకి గీసినా తవ్వేవాడు లొకేటర్ గీశాడనే నమ్ముతాడు. కాంట్రాక్టర్‌కి ఇప్పుడే ఫోన్ చేసి, అదే టికెట్ నంబరు మీద గుర్తులు చెరిగిపోయాయని చెప్పించి మళ్ళీ గీయమని అడిగించండి. దానికి డబ్బు ఉండదు. మళ్ళీ గీసేవరకు ఆ వైపు తవ్వకూడదు. మంగళవారం పని బుధవారానికి జరిగితే జరగనివ్వండి.

అమ్మగారిని ఏమీ అనకండి. నారింజ అంటే ఫోన్, ఇంటర్నెట్, కేబుల్ టీవీ లైన్లు. తెగితే ప్రాణం పోదు, ఇంటర్నెట్ పోతుంది. పసుపు రుద్దలేదు కదా, అదే పదివేలు.

పలనాడు_పిల్ల (ఆస్టిన్, టెక్సాస్) | శుక్రవారం మధ్యాహ్నం 2:15

రంగులన్నీ ఒకసారి చెప్పరా అన్నయ్యా? మా వీధిలో గులాబీ రంగు కూడా చూశాను.

పైపుజాడ (ఎడిసన్, న్యూజెర్సీ) | శుక్రవారం మధ్యాహ్నం 2:27

ఎరుపు కరెంటు. పసుపు గ్యాస్, చమురు, ఆవిరి. నారింజ ఫోన్, ఇంటర్నెట్. నీలం తాగునీరు. ఆకుపచ్చ మురుగు, వాన నీటి కాలువ. ఊదా శుద్ధి చేసి మళ్ళీ వాడే నీళ్ళు, స్ప్రింక్లర్లు. గులాబీ సర్వేవాళ్ళు తాత్కాలికంగా పెట్టుకునే గుర్తు. తెలుపు మాత్రం తవ్వేవాళ్ళు వేసేది, "ఇక్కడ తవ్వబోతున్నాం" అని.

ఈ 811 నంబరుని 2005లో దేశమంతటికీ ఒకటిగా నిర్ణయించారు, 2007 మే నుంచి పనిచేస్తోంది. అంతకుముందు రాష్ట్రానికో నంబరు ఉండేది.

మంజీర_తీరం (శాన్ రమోన్, కాలిఫోర్నియా) | శుక్రవారం సాయంత్రం 5:50

ఆ తెలుపు గురించే నేను చెప్పాలనుకున్నది. మీ రాళ్ళ మీద అంత రంగు పడడానికి కారణం బహుశా కాంట్రాక్టర్ ఎక్కడ తవ్వుతాడో గుర్తు పెట్టకుండా "వెనక వైపు మొత్తం" అని టికెట్ తీసి ఉండడం. అలా రాస్తే లొకేటర్ పాపం వెనకవైపు మొత్తం గీయాల్సిందే. మా కాలిఫోర్నియాలో ఫోన్ చేసేముందే తవ్వే చోటుని గుర్తు పెట్టి తీరాలని చట్టమే చెబుతుంది.

పోయిన ఏడాది మా పెరట్లో పెర్గోలా (చెక్క పందిరి) స్తంభాలు పాతడానికి నేనే టికెట్ తీశాను. అక్కడ పరిచింది స్టాంప్డ్ కాంక్రీటు, అంటే రాళ్ళలా కనిపించేలా అచ్చు వేసింది. తెల్ల స్ప్రే కొట్టడానికి మనసు ఒప్పలేదు. అత్తయ్య పూజ గదిలోంచి బియ్యప్పిండి తెచ్చి, నాలుగు గుంతల చుట్టూ నాలుగు చతురస్రాలు ముగ్గు వేసినట్టు వేసింది. పక్కన గడ్డిలో చిన్న తెల్ల జెండాలు కూడా గుచ్చాం. టికెట్‌లో "నాలుగు తెల్ల చతురస్రాలు, ఒక్కోటి చుట్టూ అయిదు అడుగులు చాలు, కింద అలంకరణ కాంక్రీటు ఉంది, వీలైతే చాక్ వాడండి" అని రాయించాను. వచ్చినావిడ ఆ చతురస్రాల దగ్గర మాత్రమే రెండు జానల గీతలు గీసి, మిగతాది గడ్డిలో జెండాలతో ముగించింది. పిండి చీమలు తినేశాయి, రంగు రెండు వానలకు పోయింది.

గాలి, స్ప్రింక్లర్ చూసుకుని వేయాలి. లొకేటర్ వచ్చేలోపు పిండి కొట్టుకుపోతే వేసి లాభం లేదు. అందుకే జెండాలు కూడా.

పైపుజాడ (ఎడిసన్, న్యూజెర్సీ) | శుక్రవారం సాయంత్రం 6:10

మంజీర_తీరం గారి పోస్టు ఈ దారంలో అందరూ రెండుసార్లు చదవాలి. నేను కొత్త పిల్లలకు పని నేర్పేటప్పుడు ఇదే చెబుతాను: తెల్ల గుర్తు ఉన్న ఇంట్లో మన డబ్బా సగం మిగులుతుంది.

అలంకరణ రాళ్ళ మీద మేం చేయగలిగినవి ఇంకా ఉన్నాయి. సందుల్లో ఇసుక ఉన్న పేవర్లయితే కుచ్చు మార్కర్లు కొడతాం. రంగు నైలాన్ పోగులు చిన్న కుంచెలా పైకి లేచి ఉంటాయి, కింద మేకు. రాయికి రంగు తగలదు, పని అయ్యాక లాగేస్తే సందు సందులాగే ఉంటుంది. రాయి మీద గీయక తప్పకపోతే నీళ్ళలో కరిగే చాక్ రంగు, లేదా సుద్ద ముక్క. అసలు గీయడానికే వీలులేని చోట దూరపు గుర్తు పెడతాం. అంటే గడ్డిలోనో, కర్బ్ (రోడ్డు అంచు గట్టు) మీదో గుర్తు పెట్టి బాణం వేసి "ఇక్కడి నుంచి ఇన్ని అడుగులు" అని రాస్తాం. ఈ దూరపు గుర్తు ఒక్కటే ఉంటే నాకు భయం. బాణం చూడకుండా గుర్తు కిందే పైపు ఉందనుకుని, దానికి దూరంగా, అంటే సరిగ్గా పైపు మీద తవ్వినవాళ్ళని చూశాను.

ఇవి మా ఇష్టం మీద ఆధారపడినవి, హక్కుగా అడగలేరు. కానీ టికెట్ వివరాల్లో ముందే రాయిస్తే చాలామంది మన్నిస్తారు. రోజుకు పాతిక టికెట్లు మూయాల్సిన మనిషికి మీ రాయి ఖరీదు ఎంతో చెప్పకపోతే తెలియదు.

సాగర్_కాలువ (చార్లట్, నార్త్ కరోలినా) | శుక్రవారం రాత్రి 9:35

నేను ఒక విషయం చెప్పాలి, ఇది ఎవరూ ముందు ఆలోచించరు. పేవర్ల మీద గీసిన గీత పేవర్లతోపాటు లేచిపోతుంది.

మా ఇంట్లో జరిగింది. నడకదారి కుంగితే ఇటుక పేవర్లు లేపి, కింద కంకర సరిచేసి, వాన నీటి పైపు కూడా వేద్దామని ఒక కాంట్రాక్టర్‌ని పిలిచాం. గీతలు చక్కగా గీసి వెళ్ళారు. మొదటి రోజు పనివాళ్ళు పేవర్లన్నీ లేపి గోడ పక్కన పేర్చారు. గీతలూ వాటితోపాటు గోడ దగ్గరికి వెళ్ళాయి. రెండో రోజు వేరే మనుషులు వచ్చారు. వాళ్ళ ముందు ఉన్నది ఒట్టి మట్టి. చిన్న ఎక్స్‌కవేటర్‌తో కాలువ కొడుతుంటే పసుపు ప్లాస్టిక్ పైపు పళ్ళకి తగిలింది.

ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. గాలి బుడగలోంచి గాలి పోయినట్టు ఉండదు, విమానం ఇంజను దగ్గర నిలబడ్డట్టు ఉంటుంది. మా అబ్బాయి లోపల నిద్రపోతున్నాడు. పనివాళ్ళలో ఒక పెద్దాయన అందర్నీ కేకలేసి వీధి చివరికి పంపేశాడు. నేను వాడిని ఎత్తుకుని చెప్పులు లేకుండా పరుగెత్తాను. లైట్ స్విచ్చులు ముట్టుకోవద్దని, కారు స్టార్ట్ చేయవద్దని ఆయనే చెప్పాడు. దూరం వెళ్ళాక ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేశాం. ఎవరికీ ఏమీ కాలేదు. వీధిలో తొమ్మిది ఇళ్ళు రాత్రి వరకు ఖాళీ చేయించారు.

కాబట్టి కొత్తవాకిలి గారూ, మీరు కాలువ కోసం పేవర్లు లేపుతున్నారు కదా. ముందు ఆ గీతకి రెండు కొసల్లో, పని జరగని చోట, గడ్డిలో కర్రలు పాతి వాటి మధ్య తాడు కట్టించండి. రాళ్ళు లేచినా తాడు ఉంటుంది.

కొత్తవాకిలి (ఫ్రిస్కో, టెక్సాస్) | శుక్రవారం రాత్రి 10:20

సాగర్_కాలువ గారూ, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. అమ్మకి చదివి వినిపించాను. "ఇంకెవరూ ఆ గీత తొక్కనుకూడా తొక్కకండి" అంటోంది. గీత వంగిన చోట కూడా కర్ర పాతాలి అనుకుంటున్నాను, సరేనా?

సాగర్_కాలువ (చార్లట్, నార్త్ కరోలినా) | శుక్రవారం రాత్రి 10:31

అవును, వంగిన చోట తప్పకుండా. కర్ర దిగని చోట ఒక పేవర్ లేపకుండా అలాగే వదిలేయమనండి.

పైపుజాడ (ఎడిసన్, న్యూజెర్సీ) | శనివారం ఉదయం 6:45

ఒకటి అడగడం మరిచాను. కొత్తవాకిలి గారూ, మీది రీసేల్ ఇల్లు అన్నారు. పెరట్లో గ్యాస్ గ్రిల్ గానీ, వేపుళ్ళకని బయట స్టవ్ గానీ, ఈత కొలను హీటర్ గానీ, తోట లైట్లు గానీ ఉన్నాయా? 811 వాళ్ళు మీటరు వరకే గీస్తారు. మీటరు దాటాక ఇంటివాళ్ళు వేయించుకున్న పైపులు, తీగలు కంపెనీవి కావు, వాళ్ళ పటాల్లో ఉండవు, ఎవరూ గీయరు. గీత లేదంటే పైపు లేదని అనుకోవడం ఇక్కడే దెబ్బ తీస్తుంది. ఇంకోటి, టెక్సాస్‌లో నీళ్ళు, మురుగు లైన్లవాళ్ళు 811లో చేరి తీరాలని చట్టం లేదు. కొన్ని ఊళ్ళు చేరాయి. మీరు చెప్పిన రంగుల్లో నీలం, ఆకుపచ్చ లేవు కాబట్టి సిటీకి విడిగా ఫోన్ చేసి కనుక్కోండి.

కొత్తవాకిలి (ఫ్రిస్కో, టెక్సాస్) | శనివారం ఉదయం 8:05

పాత యజమాని పెట్టించిన గ్రిల్ ఉంది. గ్యారేజీకి అవతలి మూల. మీటరు ఇవతలి మూల. మధ్యలో మా డ్రైవ్‌వే. గేటు స్తంభం కూడా ఆ మధ్యలోనే. ఇప్పుడు నిజంగా భయం వేస్తోంది.

పైపుజాడ (ఎడిసన్, న్యూజెర్సీ) | శనివారం ఉదయం 8:11

ప్రైవేటు లొకేటర్‌ని పిలవండి. తవ్వకముందే. భూమిలోకి తరంగాలు పంపి వెతికే రాడార్ ఒక్కటే తెస్తానంటే ఒప్పుకోకండి. మీ ప్రాంతంలో నల్ల బంకమట్టి, అందులో రాడార్ తరంగాలు లోతుకి పోకుండా ఆగిపోతాయి. గ్రిల్ దగ్గర ట్రేసర్ వైర్ కొస దొరుకుతుందేమో చూడమనండి. వచ్చినప్పుడు రాళ్ళ మీద కుచ్చులూ సుద్దే వాడాలని ముందే చెప్పండి. ఆయనకి డబ్బిచ్చేది మీరే, వింటాడు.

కూకట్‌పల్లి_కబుర్లు (హైదరాబాద్) | శనివారం ఉదయం 9:30

నేను ఇక్కడి నుంచి చదువుతున్నాను. మా వీధిలో ఇంటింటికీ పైపు గ్యాస్ వచ్చింది. ఇంటర్నెట్ కేబుల్‌కి ఒకసారి, మంచినీళ్ళకి ఒకసారి తవ్వుతూనే ఉంటారు. మా గేటు ముందు షాబాద్ బండలు పరిపించుకుంటే రెండుసార్లు పగలగొట్టారు. మనదేశంలో 2023 మార్చి 22న ప్రధాని మోదీ 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ మొదలుపెట్టారు. తవ్వేవాళ్ళకి, కింద లైన్లున్న సంస్థలకి మధ్య కబురు వెళ్ళడానికి. కానీ మీరు చెబుతున్నట్టు మనిషి వచ్చి ఇంటి ముందు రంగు గీసి వెళ్ళడం నేను మా వీధిలో ఒక్కసారీ చూడలేదు. బండల మీద మరక పడిందని మీరు బాధపడుతుంటే, ఆ మరక మా ఇంటి ముందు పడితే బాగుండునని నాకు అనిపించింది. మనసులో మాట చెబుతున్నాను.

మంజీర_తీరం (శాన్ రమోన్, కాలిఫోర్నియా) | శనివారం ఉదయం 11:02

మీరన్నది నిజం అన్నా. మా నాన్న సంగారెడ్డి ఇంట్లో బోరు తీగ మీద పారదెబ్బ పడి షాక్ కొట్టింది. ఆ తీగ వేసినవాడికి తప్ప ఎవరికీ ఎక్కడుందో తెలియదు.

రాయిపని (అట్లాంటా, జార్జియా) | ఆదివారం మధ్యాహ్నం 3:15

మాట ఇచ్చాను కాబట్టి శుభ్రం చేసే సంగతి. ఇదంతా తవ్వకం పూర్తయి, గుంతలు పూడ్చాకే.

ముందుగా ఏ రాయో చూసుకోవాలి. ట్రావర్టీన్, సున్నపురాయి, పాలరాయి అయితే ఆమ్లం ఏదీ తగలకూడదు. గోరువెచ్చని నీళ్ళు, ఆమ్లమూ క్షారమూ కాని రాతి సబ్బు, మెత్తని నైలాన్ బ్రష్. సబ్బు నీళ్ళు పోసి పది నిమిషాలు నాననిచ్చి, గుండ్రంగా రుద్ది కడగాలి. ఒక్కసారికి పోదు, మూడు నాలుగుసార్లు చేయాలి. ఇనుప తీగ బ్రష్ వాడకండి. తెగిన ముక్కలు రాతి రంధ్రాల్లో ఇరుక్కుని తుప్పు మరకలవుతాయి.

ట్రావర్టీన్‌కి చిన్న చిన్న గుంటలు ఉంటాయి కదా, రంగు అక్కడ నిలుస్తుంది. దానికి ముద్ద పట్టు వేయాలి. తెల్ల బంకమట్టి పొడిలో రాతి శుభ్రపు ద్రవం కలిపి దోసె పిండి కన్నా గట్టిగా చేసి, మరక మీద పావు అంగుళం మందాన పూసి, ప్లాస్టిక్ కాగితం కప్పి ఒక రోజు ఉంచాలి. తర్వాత కాగితం తీసి పూర్తిగా ఆరనివ్వాలి. ఆరేటప్పుడే అది రంగుని పైకి లాగుతుంది.

స్టాంప్డ్ కాంక్రీటు ఉన్నవాళ్ళకి వేరే హెచ్చరిక. దాని మీద యాక్రిలిక్ సీలర్ పూత ఉంటుంది. థిన్నర్, అసిటోన్, జైలీన్ ఏది తగిలినా పూత కరిగి జిగటగా తెల్లబడుతుంది. తారు డ్రైవ్‌వే అయితే ద్రావకాలు తారునే కరిగిస్తాయి. అక్కడ నీళ్ళూ సబ్బూ, తర్వాత ఎండా వానా.

ఏది వాడినా ముందు కనపడని మూల ఒక రాయి మీద చూసుకోండి. ఏమి చేసినా పోకపోతే ఆ పేవర్‌ని లేపి తిరగేయండి. రెండు వైపులా ఒకేలా కోసిన ట్రావర్టీన్ అయితే ఎవరికీ తెలియదు. అందుకే రాయి వేయించినప్పుడు ఒక వరస అదనంగా కొని గ్యారేజీలో పెట్టుకోండి అని ప్రతి కస్టమర్‌కీ బతిమాలి చెబుతాను.

కొత్తవాకిలి (ఫ్రిస్కో, టెక్సాస్) | గురువారం రాత్రి 9:48

అందరికీ నమస్కారం. జరిగింది రాస్తున్నాను.

సోమవారం ప్రైవేటు లొకేటర్ వచ్చాడు, 350 డాలర్లు అయింది. గ్రిల్ పీఠం వెనక ట్రేసర్ వైర్ కొస దొరికింది. దానికి క్లిప్పు పెట్టి నడిస్తే గ్రిల్ పైపు గోడ వెంబడి తిరిగి రాలేదు, డ్రైవ్‌వేని అడ్డంగా కోసుకుంటూ వచ్చింది. గేటు స్తంభం గుంతకి గుర్తు పెట్టిన చోటుకి ఏడు అంగుళాల దూరంలో వెళ్తోంది. 811 గీతల్లో అది ఎక్కడా లేదు. ఆయన రాళ్ళ మీద ఒక్క చుక్క రంగు వేయలేదు, సందుల్లో పసుపు కుచ్చులు పెట్టాడు.

నారింజ గీతలు మంగళవారం మళ్ళీ గీశారు. కాంట్రాక్టర్ బుధవారం వచ్చాడు. మొదట "ఇంత అవసరమా" అన్నాడు. చేత్తో తవ్వి చూడమని పట్టుబట్టాను. పదకొండో అంగుళంలో పసుపు పైపు కనిపించింది. గుంతలు తొలిచే ఆగర్ యంత్రం దించి ఉంటే ఏమయ్యేదో ఆయన కూడా మాట్లాడకుండా చూస్తూ నిలబడ్డాడు. స్తంభాన్ని రెండున్నర అడుగులు పక్కకి జరిపాం. కాలువ దగ్గర తాడు కట్టాకే పేవర్లు లేపారు.

ఈ రోజు కడిగాను. పసుపు, ఎరుపు మూడోసారికి పోయాయి. నారింజ రెండు రాళ్ళ గుంటల్లో నిలిచింది, తిరగేసి పెట్టాను. ఆదివారం వాటి మీదే అమ్మ పద్మం ముగ్గు వేస్తుందట.

పైపుజాడ గారూ, మీరు ఆ గ్రిల్ గురించి అడగకపోతే నాకు తట్టేదే కాదు. ఇంతకన్నా ఏం రాయాలో తెలియడం లేదు.

పైపుజాడ (ఎడిసన్, న్యూజెర్సీ) | గురువారం రాత్రి 10:15

మనసు నిండింది అండీ. కుచ్చులు అప్పుడే లాగేయకండి. ముందు వాటి జాడ కాగితం మీదకి ఎక్కించండి. గ్యారేజీ మూల నుంచి ఒక టేపు, మీటరు నుంచి ఇంకో టేపు పట్టి ప్రతి కుచ్చుకీ రెండు కొలతలు రాసుకోండి. పైపు బయటపడ్డ చోట లోతు కూడా, తేదీతో సహా.

కొత్తవాకిలి (ఫ్రిస్కో, టెక్సాస్) | శుక్రవారం ఉదయం 7:30

నాన్నా నేనూ పొద్దున్నే కొలిచాం. మొత్తం పద్నాలుగు కుచ్చులు. బొమ్మ గీసి ఒక కాపీ ఇంటి కాగితాల ఫైల్లో పెట్టాను, ఇంకో కాపీ కరెంటు ప్యానెల్ తలుపు లోపల అతికించాను. ఈ ఇల్లు రేపు ఎవరు కొన్నా వాళ్ళ కంట పడుతుంది.